చోప్ చేసిన ఆసుపత్రి

హౌగాంగ్, సింగపూర్,
శనివారం.

ఏమండీ,

మీ కల్పన నమస్కారాలు. నేనూ, కడుపులో ఉన్న మీ వారసుడో వారసురాలో ఇక్కడ కులాసాగా ఉన్నాం. మలేరియా తగ్గిందని రాశారు గానీ, మీ చేతిరాత వణుకు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. నిజం రాయండి.

అడిగినవాటికి జవాబులు. కాళ్ళ వాపులు తగ్గాయి. పక్క ఫ్లాటు బంగారమ్మ ఆంటీ రోజూ చారు కాచి తెస్తోంది. మలేషియాలో పుట్టిన మనిషి కదా, దాన్ని రసమనే అంటుంది. "మొగుడు ఆఫ్రికాలో ఊరు కడతాడు, పెళ్ళాం ఇక్కడ ఊరు గీస్తాది, మరి బిడ్డని ఎవరు చూస్తార్ లా?" అని, మాట చివర ఇక్కడి వాళ్ళ 'లా' తగిలించి నవ్వుతుంది. నాకు నవ్వు రావడం లేదు.

తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు ఎలా ఉందన్నారు. ఐటీ అనే మాట వింటే చాలు, అందరికీ పూనకం వస్తోంది. మేం గీస్తే మీరు కడుతున్నది ఆ ఖండంలోకెల్లా తెలివైన నగరమట. మీ క్యాంపులో ఫోను సిగ్నల్ కూడా రాదు. అందుకే ఈ ఉత్తరం ఆఫీసు సంచీలో పంపుతున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. ఆసుపత్రి బోర్డు పాతిన స్థలంలో ఇంకా మేకలు మేస్తున్నాయి, పని ఎప్పుడు మొదలవుతుందని. ముందుగా రేకుల గదుల్లో ప్రసూతి వార్డు తెరుస్తారని మీకు చెప్పింది నేనే. నా కాన్పు నేను గీసిన ఆసుపత్రిలోనే జరగాలని మీరు సరదాపడ్డారు. పోనీలెండి. కానీ మీ క్యాంపులో వంట చేసే ఫతూమాకి కూడా "నీ కాన్పు వేళకి మా ఆవిడ ఆసుపత్రి అందుతుంది" అని మాటిచ్చానని రాశారే, అది చదివాక నాకు అన్నం సయించలేదు.

ఆ ఆసుపత్రి రాదండీ.

ఇక్కడి హాకర్ సెంటర్లో, తిండి దుకాణాల మధ్య చూశారు కదా, బల్ల మీద టిష్యూ పేకెట్ పడేసి తిండి తెచ్చుకోడానికి వెళ్తే, ఎంత ఆకలితో ఉన్నవాడైనా ఆ కుర్చీ ముట్టడు. చోప్ చేశారంటే ఆ చోటు పట్టేసుకున్నట్టే. నేనూ అదే అలవాటుతో పటం మీద ఎర్ర గడి గీసి, ఆసుపత్రికి చోటు దక్కిందనుకున్నాను. భూమి ఎవరి పేరున ఉంది, నర్సులకి జీతాలెవరిస్తారు, ఏదీ గట్టి చేసుకోలేదు. అక్కడి పెద్దమనుషులు ఒక్క మీటింగులో నా టిష్యూ పేకెట్ తీసి అవతల పారేశారు. ఆ చోట ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పార్కు వస్తుంది. ఆసుపత్రికి బదులు వీధికో గాజుగది, అందులో ఒక తెర, తెరలో డాక్టరు.

"తెరలో డాక్టరు బొడ్డెలా కోస్తాడు?" అని మా బాసు విఘ్నేశ్వరన్‌ని అడిగాను.

"క్లయింట్ హ్యాపీ లా, కల్పనా. ఆసుపత్రి ఫేజ్ ఫోర్‌లో చూద్దాం," అన్నాడు. ఫేజ్ ఫోర్ అంటే గోడ మీద 'రేపు రా' అని రాసిపెట్టడమే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ గాజుగదుల బొమ్మలు గీసింది నేనే. ఐటీ కంపెనీలన్నీ ఉండే వన్-నార్త్‌లో సభ పెడితే, పట్టుచీర కట్టుకుని వాటి గొప్ప చెప్పిందీ నేనే. కడుపుతో ఉన్న మనిషి కాన్పుల గురించి చెబితే ఫొటోలు బాగా వస్తాయని నన్నే ఎక్కించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాదంటే ఉద్యోగం పోతుంది, దాంతో పాటు ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాసూ పోతుంది, ఇక్కడి ఆసుపత్రిలో కాన్పు దక్కదని భయపడి నోరు మూసుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నేను అక్కడికి రాను. తిట్టుకోండి, పడతాను. ఫతూమాని మాత్రం నా బోర్డు నమ్మి కూర్చోనివ్వకండి. నెలలు నిండకముందే అక్కడి పాత పట్నంలో ఉన్న ఆసుపత్రికి చేర్చండి. కంపెనీ వాళ్ళు జీపు ఇచ్చేది లేదంటే తగువు పడండి. ఎందుకింత తొందరని ఆమె అడిగితే దాచకండి. మా ఆవిడ గీసిన ఊళ్ళో మా ఆవిడే కననంటోందని చెప్పండి.

ఇట్లు,
మీ భార్య
కల్పన