తెల్ల లంగాలు

చెల్లీ నూకాలూ,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. రెండు గదుల రైల్వే క్వార్టర్లో కొడుకు వింటుండగా ఇవి మాట్లాడలేను. విశాఖ బండెక్కుతున్న పక్క క్వార్టర్ ఎర్రమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

నాకు ముట్లు ఆగి నాలుగేళ్లయింది కదా. ఏడాదిగా మళ్లీ కొద్దికొద్దిగా అవుతోంది. అది నాకే తెలియలేదు. ఈ కిరండూల్‌లో ఇనుపరాయి గనుల దుమ్ముకి ఆరేసిన బట్ట సాయంత్రానికే ఎర్రబడుతుంది. అందుకే ఇక్కడ ఆడవాళ్లమంతా ఇటుకరంగు లంగాలే కొంటాం. వాటి మీద ఏ మరకా తేలదు. దుమ్మేననుకుని ఉతుక్కున్నాను. మొన్న వానలకి దుమ్మణిగింది. అయినా బకెట్లో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. అప్పుడు ఆసుపత్రికి వెళ్లాను.

గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సరట. పదహారో రకం వైరస్ అట, ఎప్పుడో ఏళ్ల కిందటే పట్టిందట. "ఇత్నీ దేర్ క్యోం?" అంది డాక్టరమ్మ. ఇంత ఆలస్యమెందుకంటే, దుమ్మనుకున్నానని చెప్పాను. మీ బావైతే "ఏటే, దుమ్ముకీ దానికీ తేడా తెల్దా?" అని అరిచి, బయటికెళ్లిపోయారు.

నువ్వూ పరీక్ష చేయించుకో. బాగానే ఉన్నానని ఊరుకోకు. మీ సుందరికి పన్నెండేళ్లే కదా, ఈ వైరస్ పట్టకుండా టీకా వేయించు.

సోమవారం నుంచి విశాఖలో కరెంటు పెడతారు, అదే రేడియేషన్. ఐదు వారాలట. చూడ్డానికి వచ్చేటప్పుడు తెల్ల లంగాలు నాలుగు తీసుకురా. పెళ్లయి ఇక్కడికొచ్చాక నేను తెల్లది కట్టలేదు. ఈసారి రక్తం తగ్గుతోందో లేదో నా కళ్లతో నేను చూసుకోవాలి.

నీ అక్క