తెడ్ల బరువు

18 ఆగస్టు 1974, ఆదివారం

పెట్రోలు ధర మళ్ళీ పెరిగినప్పటి నుంచి మా మోటారు పడవను పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు మీదికి మారుస్తున్నాం. అలా నడిచేటప్పుడు మధ్యలో ఆపితే మళ్ళీ అంటుకోదని పడవ నడిపే యేసోబు మొదటి రోజే చెప్పాడు.

ఇవాళ ఇబ్రహీంపట్నం దాకా షికారు వెళ్ళి తిరిగొస్తూ నేనే ఆపించాను.

"ఏటి వాలుకే వస్తున్నాంగా, ఊరికే నూనె తగలెయ్యడం ఎందుకు?" అన్నాను.

"మీ ఇష్టమండీ," అన్నాడు యేసోబు.

దిగువన బ్యారేజీ గేట్లు ఎత్తారన్న సంగతి నీళ్ళ హోరు వినపడేదాకా నాకు తెలియదు. ఇంజను తాడు లాగాను. దగ్గి ఊరుకుంది. అరచేతులు కోసుకుపోయేదాకా లాగాను. పడవ మాత్రం ఆ హోరు వైపే పోతోంది.

"తెడ్లేవండీ?" అన్నాడు యేసోబు మెల్లగా.

బరువు తగ్గితే పెట్రోలు కలిసొస్తుందని, అతనికి చెప్పకుండా నిన్ననే వాటిని ఇంటికి తెచ్చేశాను.

చేపలు పట్టేవాళ్ళు మోకు విసరబట్టి ఒడ్డున పడ్డాం. యేసోబు పడవ కట్టేసి, గొలుసు తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర సరోజిని, "చేతులేమిటండీ అలా అయ్యాయి?" అంది. తాడు ఒరుసుకుందన్నాను.

"వచ్చే ఆదివారం పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, ఒకటే గొడవ చేస్తున్నారు."

సరేనన్నాను. ఎందుకన్నానో...

తెడ్లు తలుపు వెనకే ఉన్నాయి. తిరిగి పడవలో వేద్దామని ఇందాక ఒకటి ఎత్తి చూశాను. బాగా బరువుంది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.