నరేశ్ ఎడమ చెవి

జూన్ 3, మంగళవారం
కౌన్సెలింగ్ మేడమ్ రోజూ రాయమంది. రాస్తున్నా. పొద్దున బర్రె పాలు చేపలేదు. దూడను విడిచినా, పొదుగు కడిగినా... పాలు పైకే గుంజుకుంది. కోపమున్న చేతికి బర్రె చేపదని బాపు అనేవాడు. నాకిప్పుడు కోపం కూడా లేదు. ఏదీ లేదు.

జూన్ 5
తమ్ముడు నరేశ్ వెళ్లి రెండు నెలలు. జల్‌పల్లిలో వేరే షెడ్డు వేసుకున్నాడు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని పిండేవాళ్లం.

జూన్ 10, మంగళవారం
మేడమ్ కళ్లు మూసుకోమంది. ఆ రోజును మెల్లగా, సినిమాలా చూడమంది. మాదన్నపేటలో మేం పాలు పోసే చాయ్ హోటల్. గిరాకీల ముందు నరేశ్ పళ్లికిలిస్తూ — "అన్నా, పాలల్ల నీళ్లు కలిపినవా ఏంది?" నా చెయ్యి లేస్తుంది. ఎడమ చెంప, చెవి కలిపి.
"కొట్టే ముందు ఆపండి. ఆయన మొహం చూడండి."
ఆగలేదు. కళ్లు మూసుకునే మూడుసార్లు కొట్టాను.

జూన్ 11
వాడికి ఆ చెవి ఇక వినపడదట. నా భార్య సుజాత చెప్పింది, వంకాయలు తరుగుతూ. నేను అన్నం తింటూనే ఉన్నా.

జూన్ 17, మంగళవారం
మళ్లీ హోటల్. ఈసారి చెయ్యి గాలిలో ఆగింది. మొహం చూశాను. నవ్వట్లేదు వాడు. గొంతు తగ్గించి, నా ఒక్కడికే వినపడేట్టు అడుగుతున్నాడు. నా పేరు పోతుందని భయం వాడికి. నిజంగా అట్లనే జరిగిందా, నేనే మార్చుకున్నానా... తెలియదు.
"ఏం కనపడింది?" అంది మేడమ్. ఏం లేదన్నాను.
ఆ పొద్దు పాలు తక్కువైతే చెంబెడు నీళ్లు పోసింది నిజం. ఎవరికీ చెప్పలేదు. సిగ్గేస్తోంది. రెండు నెలల్లో ఏదైనా అనిపించడం ఇదే మొదటిసారి.

జూన్ 20
నాకు నేనే కళ్లు మూసుకుంటున్నా. జల్‌పల్లి షెడ్డు. వాడి పక్కన కూర్చుంటాను. చెప్తాను. అంతవరకే కనపడుతుంది.

జూన్ 22, ఆదివారం
వెళ్లాను. పాలు పిండే వేళ. నరేశ్ ఒక బకెట్ నా వైపు జరిపాడు. ఎప్పటిలాగే వాడికి ఎడమ పక్కన కూర్చున్నా.
"నీళ్లు కలిపింది నిజమే, తమ్మీ."
పిండుతూనే ఉన్నాడు. కాసేపటికి నన్ను చూసి, తల తిప్పి కుడి చెవి పెట్టాడు.
"ఏందన్నా, ఏమన్నవ్?"
"బర్రె మంచిగ చేపిందంటున్న."
తలూపాడు.
ఇంటికొస్తే సుజాత — "మాట్లాడినవా?" మాట్లాడిన అని చెప్పాను.
ఆ చెవి వినదని నాకు తెలుసు. తెలిసే అటు కూర్చున్నానా...