పదిహేడు వందల యాభై రెండులో పోయిన పదకొండు రోజులు

మల్లన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదేళ్లు. ఇప్పుడు ఇక్కడ సౌదీలో సర్కారు ఆఫీసు పనులన్నిటికీ ఇంగ్లీషు తేదీలే లెక్క. ఈ ముక్క నీకు చెప్పాలనిపించింది.

బురైదా ఖర్జూరం తోటలో కాస్త నీడ దొరికితే చాలు, డిగ్రీలో చదివిన చరిత్ర చెప్పేవాడివి. నీకు 1752 అంటే ఇష్టం. ఆ ఏడే అమెరికాలో ఒకాయన గాలిపటంతో మెరుపును పట్టాడనీ, దక్కన్ గద్దె కోసం నిజాం కొడుకులు తగువులాడారనీ చెప్పి, చివరికి నవ్వేవాడివి.

"ఇంగ్లండోళ్లు క్యాలెండర్ మార్చిన్రు తమ్మీ. సెప్టెంబర్ రెండున పండుకున్నోళ్లు పద్నాలుగున లేసిన్రు. నడుమ పదకొండు రోజులు గాయబ్."

అంత తెలిసినవాడివి, ఈ దేశంలో ఉండనిచ్చే నీ ఇకామా కార్డు గడువును ఇంగ్లీషు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నావు. అది నడిచేది అరబ్బుల ఏడాదితోననీ, ఆ ఏడాది పదకొండు రోజులు పొట్టిదనీ తట్టలేదు. బిడ్డ పెళ్లికి పోతానని, ఊరికి వెళ్లొచ్చే వీసా అడిగితే, ఇకామా గడువు అప్పటికే తీరిపోయిందన్నారు. తోట యజమాని, మన కఫీల్, తీరిగ్గా రెండు నెలలకు దాన్ని కొత్తది చేయించాడు. పెళ్లి ఫోనులో చూశావు. ఆ ఎండాకాలమే తోటలో కూలిపోయావు.

"చదువుకున్నోనివి, గింత సోయి లేకపాయెనా?" అని వీసా ఆగిన రోజు నిన్నన్నది నేనే. నువ్వు పార పట్టుకుని చెట్ల మధ్యకు వెళ్లిపోయావు.

ఇప్పుడు ఇక్కడి సర్కారు కూడా నీలాగే లెక్కపెడుతోందన్నా. సోయి లేదని దాన్ని ఎవరూ అనడం లేదు.