బుధవారం తెగిన వేళ్లు, శనివారం దాకా బాగున్న యంత్రం

ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారి సముఖమునకు, ముద్రణాలయంలో యంత్రాలు చూసే గుమాస్తా రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: కాగితాలు కోసే యంత్రం వద్ద జరిగిన ప్రమాదంలో తప్పు నాదని నమోదు చేయించుట గురించి.

1. ప్రతి ఉదయం యంత్రాలన్నీ చూసి, రిజిస్టరులో "బాగుంది" అనో "బాగులేదు" అనో రాసి సంతకం చేయుట పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం. "బాగులేదు" అని ఒక్కసారే రాశాను, చేరిన కొత్తలో. పని ఆగింది. ఎందుకు ఆగిందో సంజాయిషీ నన్నే రాయమన్నారు. మూడు పేజీలు అయినది. "బాగుంది" అంటే సంజాయిషీ అక్కరలేదు.

2. అందుచేత సోమవారం టీ తాగుతూనే శనివారం దాకా "బాగుంది" అని రాసి పెట్టుట మా వద్ద వాడుక అయినది. ఇది సూపర్‌వైజరు గారికి తెలుసు, మేనేజరు గారికి తెలుసు. తెలియనట్టు ఉండుటకు ఇద్దరూ నెలకొకసారి అడుగున సంతకం పెడతారు.

3. ఆ యంత్రానికి కత్తి ముందుండే అడ్డురేకు రెండు నెలల క్రితం విరిగింది. దాని మీద పనివాడు మా చెల్లెలి భర్తే. వచ్చి చెప్పాడు.

"బావా, రేకు లేదు. చెయ్యి లోపలికి పోతోంది. కాస్త రాయవా?"

"ఈ వారానికి రాసేశాను కదా బావా. వచ్చే వారం చూద్దాంలే" అన్నాను. వచ్చే వారమూ అదే రాశాను. ఆ పై వారమూ అంతే.

4. బుధవారం పదకొండు గంటలకు అతని కుడిచేతి నాలుగు వేళ్లు తెగిపోయినవి. యంత్రానికి సీలు వేశారు. గురువారం విచారణ కమిటీ వారు ముగ్గురు నా రిజిస్టరు తెప్పించుకున్నారు. అందులో సీలు పడిన యంత్రం గురువారం బాగుంది, ఇంకా రాని శుక్రవారం బాగుంది, శనివారమూ బాగుంది. ముగ్గురూ చదివారు. ఒక్కరైనా "ఇదేమిటయ్యా?" అనలేదు. యంత్రంలో లోపం లేదు, కార్మికుని అజాగ్రత్తే కారణమని తేల్చి అతన్ని పనిలోంచి తీసేశారు. రిజిస్టరు కొట్టివేతలు లేకుండా ఉంచినందుకు నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. జతపరిచాను.

5. నాకు సిగ్గుగా ఉంది. ఇది ఏ నిబంధన కింద రాయాలో తెలియక విడిగా రాస్తున్నాను.

కావున తప్పు నా పేర రాయించి, అతన్ని ఒంటిచేత్తో చేయగల పనిలో తిరిగి పెట్టించవలెనని ప్రార్థన. దయతో చిత్తగించవలెను. పక్కన పెట్టుట మా ఆఫీసులో ఇప్పటికే చాలినంత జరిగినది.

తమ విధేయుడు
(కాకపోయి ఉంటే ఆ వేళ్లు ఉండేవి),
తనిఖీ గుమాస్తా

మరొక మనవి: ఆసుపత్రిలో మా చెల్లెలు అడిగింది. "అన్నయ్యా, ఆ మిషన్ని నువ్వు రోజూ చూస్తావు కదా, మరి ఇలా ఎందుకైంది?" "మిషను బాగానే ఉందమ్మా, రాసి కూడా ఉంది" అన్నాను. నమ్మింది. "కాస్త చూసుకోవద్దా మనిషన్నాక!" అని మొగుడి మీద పడి ఏడ్చింది. అతను నా ముఖం వంక చూసి తల దించుకున్నాడు, పట్టివ్వలేదు. తమరు విచారణ జరిపే రోజున మా చెల్లెల్ని కూడా పిలిపించి, దాని ఎదుట నిజం చెప్పమని నాకు ఆజ్ఞ వేయండి. పైనుంచి ఆజ్ఞ లేనిదే నేను ఏ పనీ చేసి ఎరుగను.