నాలుగో నంబరు మీద అన్న ఊఁ

ఉజ్వలా,

సరుకు కోసం గురజాల పోతున్నా, బస్సుకి టైమయింది. నిన్ను లేపుదామనుకున్నా గానీ ధైర్యం చాల్లా. మస్తాన్ బాబాయ్ షెడ్డు తీయగానే కారు ఇచ్చిరా. హీటరు ఫ్యాను ఒకటి, రెండు, మూడు మీద తిరగట్లేదు, నాలుగు మీద మాత్రం హోరుమని తిరుగుద్దని చెప్పు. నాలుగు మీద తిరుగుద్దంటే మోటారు బాగున్నట్టే. మోటారు మార్చాలంటే ఒప్పుకోమాక. పోయింది స్పీడు తగ్గించే రెసిస్టరు. నువ్వు కూర్చునే సీటు ముందర డబ్బా ఉంది చూడు, దాని వెనకాల ఉంటది. దాని ప్లగ్గు కాలి ఉంటే అది కూడా మార్చమను, లేకపోతే కొత్తది కూడా మాడిపోద్ది.

నిన్న మాచర్ల నుంచి వస్తా, కారెంపూడి దాటినాక మంచుకి అద్దం మసకబారితే నాలుగు మీద పెట్టా గదా. ఆ హోరులో నువ్వు ఏందో అడిగావు. నేను ఊఁ అన్నా. నువ్వు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నావు. ఇంటికి రాగానే అటక మీద పెద్ద సూట్‌కేసు దించావు. అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవట్లేదు. నువ్వడిగింది నాకు వినబళ్ళేదే. మళ్ళీ చెప్పమనటానికి మొహం చెల్లలా.

ఫ్యాను బాగయినాక మళ్ళీ అడుగు, ఈసారి విని చెప్తా.

రాఘవ

సూట్‌కేసు మళ్ళీ అటక ఎక్కించా. ఎక్కే స్టూలు కొట్లో పెట్టి తాళమేశా. పుట్టింటికి పోతానని అడిగుంటే మాత్రం, ఆ ఊఁ నాది కాదు, ఫ్యానుది.