ఆడబిడ్డకు సగమే

శుక్రవారం రాత్రి, చిత్తూరు, ఆసుపత్రి మంచం మీద

పొద్దున పాప పుట్టింది. ఆ సంతోషం రాద్దామనే డైరీ తెరిచాను. కానీ కోపం చల్లారడం లేదు.

ఆయా మునెమ్మ పాపను తువ్వాలులో చుట్టి తెచ్చి నాయన చేతుల్లో పెట్టింది. నాయన రెండు ఐదొందల నోట్లు తీసి ఇచ్చాడు. ఆమె ఒకటే తీసుకుంది.

"మొగబిడ్డయితే వెయ్యీ అడిగి తీసుకుందును. ఆడబిడ్డే గదయ్యా, ఐదొందలు సాలు" అంది, దయ చూపిస్తున్నట్టు.

"మంచిదానివమ్మా" అంటూ నాయన రెండో నోటు జేబులో పెట్టేసుకున్నాడు!

పుట్టి గంటైనా కాలేదు, నా బిడ్డకు అప్పుడే సగం ధర. నేనేమైనా సగం నొప్పులు పడ్డానా? రాత్రంతా నా నడుం రుద్దిన మునెమ్మ సగమే రుద్దిందా?

సాయంత్రం ఆమెను పిలిచి, నా పర్సులోంచి ఐదొందలు తీసి చేతిలో పెట్టాను.

"ఇది నీ కష్టానికి పెద్దమ్మా. యా బిడ్డయితే ఏమి, కష్టం ఒకటే గదా" అన్నాను.

ఆమె నవ్వి, నోటు నా దిండు కింద దోపి, ప్రేమగా నా తల నిమిరింది.

"వచ్చే కాన్పుకు మొగబిడ్డ పుడతాడు తల్లీ. అప్పుడిద్దువులే."

దీవించిందట! నోటు ఇంకా దిండు కిందే ఉంది. దాని పక్కనే నా కూతురు నిద్రపోతోంది.